నంబరు రాళ్ళు

దయ్యాల ఇల్లు నడపడంలో ఆ అక్టోబరు మాకు నాలుగోది, ఆఖరుది కూడా. ఆ తరవాత మా అల్లుడు కర్ట్ స్కూలు బస్సు నడపడానికి కుదిరాడు. మా అమ్మాయి మార్లా నాతో మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడందరం బాగానే ఉన్నాం. కానీ దయ్యాల మాటెత్తితే ఇప్పటికీ మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి కాఫీ పెట్టే మిషతో వంటింట్లోకి పోతారు.

మా ఊళ్ళో కొండ అంటే ఆ పాత ఆసుపత్రే. ఒహాయోలో మా మూలన కొండలెక్కడివి, అదీ ఒక దిబ్బే. మూర్ఛలొచ్చేవాళ్ళని, బుద్ధి ఎదగనివాళ్ళని, ఇంట్లో ఎవరికీ అక్కర్లేనివాళ్ళని తెచ్చి అక్కడ పెట్టేవారు. చిన్నప్పుడు అల్లరి చేస్తే మా అమ్మ "కొండ మీదికి పంపించేస్తా, ఏమనుకున్నావో" అనేది. పంతొమ్మిదేళ్ళు రాగానే నిజంగానే పంపించింది, ఉద్యోగానికి. అక్కడి లాండ్రీలో ఆరేళ్ళు దుప్పట్లు ఇస్త్రీ చేశాను. తరవాత ఆసుపత్రి మూసేశారు. ముప్పై ఏళ్ళు పావురాలు కాపరం చేశాక కర్ట్ దాన్ని అద్దెకు తీసుకుని దయ్యాల ఇల్లుగా మార్చాడు.

సెప్టెంబరు చివరి నుంచి, అక్టోబరు ఆఖరున అందరూ దయ్యాల వేషాలేసే హాలోవీన్ పండగ దాకా శుక్ర, శని, ఆదివారాలు తెరిచేవాళ్ళం. చుట్టుపక్కల మూడు జిల్లాల జనం డబ్బిచ్చి మరీ వచ్చి హడలి చచ్చి, బయటపడి వేడివేడి ఆపిల్ రసం తాగి ఇళ్ళకు పోయేవారు. మా దగ్గర ముప్పై ఎనిమిది మంది దయ్యాలుండేవారు. పగటిపూట వాళ్ళు మెకానిక్కులు, బడిపంతుళ్ళు, కొట్లో సరుకులు సర్దేవాళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెడితే పొద్దుగూకేలోపల ముప్పై ఎనిమిది మొహాలూ నేనొక్కదాన్నే పాడుచెయ్యాలి. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపి బకెట్ల కొద్దీ రక్తం కాచేదాన్ని. అరవై దాటిన మోకాళ్ళు, పొద్దస్తమానం నిలబడే పని. సీజన్ సగానికొచ్చేసరికి నాకు మేకప్ అక్కర్లేదని మా దయ్యాలు ఏడిపించేవారు. నిజమే, అద్దం చూసుకుంటే నాకూ అలాగే అనిపించేది.

ఆ ఏడు ఆగస్టులో కర్ట్ టికెట్ల వరస పక్కన కొత్తగా ఒక శ్మశానం కట్టాడు. అన్నీ థర్మోకోల్ సమాధి రాళ్ళు, వాటి మీద నవ్వొచ్చే రాతలు. కాస్త గాలి కొడితే చాలు, ఎగిరిపోయి కంచెకు అతుక్కునేవి.

"వీటికి అడుగున బరువు కావాలత్తయ్యా. ఇసుక మూటలు పెడితే చండాలంగా కనిపిస్తాయి," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"పంపుగది వెనక గడ్డిలో చిన్న చిన్న సిమెంటు దిమ్మలున్నాయి చూడు. నంబర్లేసి ఉంటాయి, కూరగాయల మళ్ళవి. అవి తెచ్చుకోరాదూ," అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. కొండ మీద నంబరు లేని వస్తువంటూ ఉండేది కాదు. దుప్పటికి నంబరు, కంచానికి నంబరు, మంచానికి నంబరు, మనిషి తొడుక్కున్న చొక్కాకి నంబరు. అలాంటి చోట గడ్డిలో నంబరు రాయి కనబడితే నాకు అనుమానం ఎందుకొస్తుంది? క్యాబేజీ మడో, దుంపల మడో అనుకున్నాను. రోగులు పార భుజాన వేసుకుని ఆ వైపు పోవడం లాండ్రీ కిటికీలోంచి చూసిన గుర్తు కూడా ఉంది మరి.

కర్ట్ నలభై మూడు దిమ్మలు పెకలించి తెచ్చాడు. థర్మోకోల్ రాళ్ళకి అవి భేషుగ్గా సరిపోయాయి. వెనక పొలం ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని గడ్డి కోయించి, కంకర పోయించి, చదును చేయించి పార్కింగ్ పెట్టాడు. అంతకు ముందు కార్లు రోడ్డు వార నిలుపుతున్నారని పోలీసులు గొడవ పెట్టేవారు. ఇక ఆ గొడవా తీరింది. "మీ బుర్ర పాదరసం అత్తయ్యా," అని నన్ను మెచ్చుకున్నాడు కూడా. నేను మురిసిపోయాను.

అక్టోబరు రెండో ఆదివారం మధ్యాహ్నం హోమ్ వాళ్ళ వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. కొండ మూసేశాక దిక్కులేనివాళ్ళని కొందరిని ఊళ్ళోనే ఒక హోమ్‌లో పెట్టారు, ఆ వ్యాను అది. అందులోంచి కర్ర పట్టుకుని ఒక ముసలాయన దిగాడు. చూడగానే గుర్తుపట్టాను. ఓరిన్. తొమ్మిదేళ్ళప్పుడు మూర్ఛలొస్తున్నాయని తండ్రి తెచ్చి కొండ మీద వదిలేశాడు. నేను లాండ్రీలో ఉన్న రోజుల్లో మురికి దుప్పట్ల బండి తోసుకొచ్చేది ఆయనే.

"నువ్వు లాండ్రీ అమ్మాయివి కదూ?" అన్నాడు నన్ను చూసి.

"అవునండీ ఓరిన్ గారూ. దయ్యాల ఇల్లు చూడ్డానికా? సాయంత్రం గానీ తెరవం."

"గారు ఏమిటి, కొత్తగా!" అని నవ్వాడు. నవ్వడా మరి! ఆ రోజుల్లో రోగులెవరినైనా ఒరే అనీ, ఏమే అనీ పిలిచేవాళ్ళం, తాత వయసున్నా సరే. "మీ గోలకి రాలేదులే అమ్మాయ్. ఓపల్‌ని చూసిపోదామని వచ్చా. ఏటా ఈ నెలలో వస్తా."

ఓపల్ పేరు విని నలభై ఏళ్ళయింది. లాండ్రీలో నాకు ఇస్త్రీ నేర్పింది ఆవిడే. పేరుకి రోగే గానీ ఆ మరలన్నీ నడిపింది ఆవిడే. ఒక అక్టోబరులో రొమ్ము పడిశం పట్టి నాలుగు రోజుల్లో పోయింది. మర్నాడు ఆవిడ స్టూలు మీద ఇంకొకావిడ కూచుంది. ఎక్కడ పూడ్చారని నేనడగలేదు. ఎవరూ అడగలేదు.

"ఓపల్ ఎక్కడుందండీ?"

"పంపుగది వెనక. నాలుగొందల పన్నెండు," అన్నాడు ఆగకుండా నడుస్తూనే.

కర్ట్ దిమ్మలు పెకలించింది అక్కణ్ణుంచే. నేను ఆయన వెనకే నడిచాను. ఆయన టికెట్ల వరస పక్కగా పోతూ పోతూ నిలబడిపోయాడు. వంగి ఒక థర్మోకోల్ రాయిని కర్రతో పక్కకి నెట్టాడు. దాని మీద 'నిద్ర లేపకండి, చిరాకు' అని రాసి ఉంది. అడుగున ఉన్న దిమ్మ మీద మట్టి అరచేత్తో తుడిచాడు.

"మూడొందల తొంభై. ఇది హెన్రీది. హెన్రీ ఇక్కడికెలా వచ్చాడు?"

ఆయన ఒక్కొక్క రాయే నెట్టి చూసుకుంటూ పోయాడు. ప్రతి దిమ్మకీ ఒక పేరు చెబుతున్నాడు. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు, ఆయన వినిపించుకోలేదు. నాలుగొందల పన్నెండు దొరికింది. దాని పైనున్న థర్మోకోల్ మీద 'ఇక్కడ సిగ్నల్ రాదు' అని ఉంది. దాన్ని రాయించినప్పుడు మేమంతా పగలబడి నవ్వాం.

ఓరిన్ చేతిలో ఒక కాగితం పొట్లం ఉంది. దాన్ని తెరవబోయి ఆగాడు.

"ఆవిడకి పిప్పరమెంట్లంటే ఇష్టం," అన్నాడు. "రాయేమో ఇక్కడుంది, మనిషేమో అక్కడుంది. ఇప్పుడివి ఎక్కడ పెట్టనమ్మాయ్?"

మర్నాడు పొద్దున్న కాఫీల దగ్గర చెప్పాను. కర్ట్ కప్పు పక్కకి నెట్టేశాడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి.

"సమాధులా? కూరగాయల మళ్ళన్నారుగా అత్తయ్యా!"

"అనుకున్నాను."

"అనుకున్నారా! మూడు వారాల నుంచి వాళ్ళ మీద కార్లు నిలబెడుతున్నానా నేను!"

మార్లా గిన్నె కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. నీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు పార్కింగ్ ఎత్తేస్తే కార్లన్నీ మళ్ళీ రోడ్డు మీదికొస్తాయి, పోలీసులు మూయించేస్తారు. ఈ ఇల్లు తాకట్టులో ఉంది, నీకు తెలియందేముంది? ఇంక మూడే వారాలు. నవంబరు రాగానే మనమే పెట్టేద్దాం, ఎక్కడివక్కడ."

"ఎక్కడివక్కడంటే ఎక్కడే? కంకర పోసి చదును చేసి కూచున్నాంగా."

కర్ట్ టోపీ పెట్టుకుని లేచాడు. "సీజన్ అయిపోనివ్వండి అత్తయ్యా," అన్నాడు నా మొహం చూడకుండా. నేను సరే అన్నాను. అలిసిపోయిన మనిషికి సరే అనడం కంటే సుఖం ఇంకోటి లేదు. ఆ సుఖం ఆ పూటే పోయింది, అదీ చెప్పాలి.

ఊరికే కూచోలేక, ఆ నంబర్లు ఎవరివో తెలుస్తుందేమోనని ప్రభుత్వం వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాను. కొండకి సంబంధించిన చిట్టాలు రాజధానిలో ఉన్నాయనీ, రోగుల పేర్లు బయటివాళ్ళకి చెప్పకూడదనే రూలు ఉందనీ ఒక అమ్మాయి చెప్పింది.

"వాళ్ళు చచ్చిపోయి నలభై, యాభై ఏళ్ళయిందమ్మా," అన్నాను.

"అయినా రూలు రూలేనండీ," అంది. ఆ పిల్ల గొంతూ నా గొంతులాగే అలిసిపోయి ఉంది. పెట్టేశాను.

వారాలు గడిచాయి. శుక్రవారం ముప్పై ఎనిమిది మొహాలు, శనివారం ముప్పై ఎనిమిది, ఆదివారం ముప్పై ఎనిమిది. మా దయ్యాల్లో పదిమంది పిచ్చి రోగుల వేషం వేసేవారు. వాళ్ళ గౌన్ల మీద నంబర్లు అచ్చు వేసింది కూడా నేనే. మొదటి మూడేళ్ళూ ఆ పని చేస్తూ ఈలపాట పాడుకునేదాన్ని. ఇప్పుడు అచ్చుబిళ్ళ ముట్టుకుంటే ఒళ్ళు కంపరమెత్తేది. పొద్దున్నే లేవాలంటే ప్రాణం ఉసూరుమనేది.

హాలోవీన్ శనివారం వచ్చింది ఆ ఏడు. దానికి ముందు బుధవారం ఆపిల్ ముక్కలు పెట్టి తీపి రొట్టె చేసుకుని హోమ్‌కి వెళ్ళాను. ఓరిన్ మంచం మీద కూచుని అట్టపెట్టెలో బట్టలు సర్దుకుంటున్నాడు.

"ఈ హోమ్ ఎత్తేస్తున్నారు," అన్నాడు. "ఆదివారం పొద్దున్నే మమ్మల్ని వేరే ఊరు తీసుకుపోతారు. వ్యానులో మూడు గంటలంట. అక్కడ మెట్లుండవంట." రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలి మింగాక అడిగాడు. "రాళ్ళు తిరిగి పెట్టేశారా?"

"వచ్చే వారం పెడతారండీ."

"వచ్చే వారం నేనుండనుగా."

ఆయనకి కోపం రాలేదు. వచ్చుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"చూడమ్మాయ్, వాళ్ళలో ఒకరిద్దరు తప్ప అందర్నీ తవ్వి పెట్టింది నేనే. ముందు నేనూ హెన్రీ. హెన్రీని పెట్టాక నేనొక్కణ్ణే. ఎవరెక్కడున్నారో ఇదిగో, ఇక్కడుంది," అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు. "నేను పోయాక ఓపల్ ఎక్కడుందంటే ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?"

"చెప్పలేనండీ."

"అదే మరి," అని ఇంకో ముక్క తీసుకున్నాడు.

ఇంటికొచ్చి కర్ట్‌తో అన్నాను. శనివారం ఒక్కటీ గడవనివ్వమన్నాడు. ఏడాది మొత్తానికి అదే మాకు తిండి పెట్టే రోజు. అతను చెప్పిందీ నిజమే. అందరూ నిజమే చెబుతున్నారు, ఓపల్ ఒక్కతే కార్ల కింద పడుంది.

శనివారం పొద్దెక్కాక మేకప్ గదిలో రక్తం కలుపుతున్నాను. కిటికీలోంచి చూస్తే ఖాళీ పార్కింగులో ఎవరో ముసలాయన ఒంగి నడుస్తున్నాడు. పంపుగది మూలకి పోవడం, అక్కణ్ణుంచి అడుగులు కొలుచుకుంటూ రావడం, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటికి పోవడం. హోమ్ నుంచి రెండు మైళ్ళు. ఆ కర్రతో నడిచొచ్చాడు.

చేతులు కడుక్కోకుండానే పరిగెత్తాను. పరిగెత్తానంటే, నా మోకాళ్ళు ఎంత పరిగెత్తనిస్తే అంత.

"లెక్క కుదరడం లేదమ్మాయ్," అన్నాడు ఆయాసపడుతూ. "అప్పటి కాళ్ళు కావుగా ఇవి. పార ఉందా? పొడుగు కర్ర పార? మేం పారతో కొలిచేవాళ్ళం. పంపుగది మూల నుంచి పదకొండు పారలు, అక్కడ మొదటి మనిషి తల. తలకీ తలకీ మధ్య పారన్నర."

సామాన్ల గదిలోంచి పార తెచ్చిచ్చాను. ఆయన దాన్ని నేల మీద పడుకోబెట్టి, చివర మడమతో గుర్తు గీసి, మళ్ళీ పడుకోబెట్టి అలా పదకొండు సార్లు కొలిచాడు. పదకొండో చోట కంకర పక్కకి లాగి పార గుచ్చాడు. మిగతాచోట్ల ఖంగుమన్న నేల అక్కడ మెత్తగా దిగింది. దిమ్మ పెకలించిన గుంట పైపైన కంకరతో కప్పబడి ఉందంతే.

"ఇదీ!" అన్నాడు. "మూడొందల డెబ్భై ఒకటి పట్రా. ఈ పొలంలో అదే మొదటిది, అంతకు ముందువాళ్ళు వేరే చోట ఉన్నారు."

నేను ఒంటిచక్రం బండి తోసుకుని శ్మశానంలోకి పోయాను. థర్మోకోల్ రాళ్ళు పీకి విసిరేస్తుంటే గాలికి అవే కొట్టుకుపోయాయి. ఎవరినీ అడగలేదు. అడిగితే మళ్ళీ సరే అనేస్తానని భయం.

మూడో బండి తోసేసరికి మా దయ్యాలు ఒక్కొక్కరే రావడం మొదలైంది. అందరికంటే ముందు బ్రేడీ వచ్చాడు. లారీల మెకానిక్కు, ఆరడుగుల మనిషి. ఇంటి దగ్గరే నంబరు గౌను తొడుక్కుని, ప్లాస్టిక్ గొడ్డలి చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఆర్లీన్ పిన్నీ, ఇక్కడేం చేస్తున్నావు? నా మొహం సంగతేంటి?"

"నీ మొహానికేం తొందర? ముందీ రాయి పట్టుకో."

ఓరిన్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. గౌను మీద నంబరు చూశాడు, గొడ్డలి చూశాడు.

"ఏం వేషం బాబూ ఇది?"

"పిచ్చి రోగినండీ," అన్నాడు బ్రేడీ గొడ్డలి ఊపి.

"ఓహో. మాకు గొడ్డళ్ళు ఇచ్చేవాళ్ళు కాదే," అన్నాడు ఓరిన్ శాంతంగా. "పార ఇచ్చేవాళ్ళు."

బ్రేడీకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. నా వైపు చూశాడు, చేతిలో దిమ్మ వైపు చూశాడు, ఓరిన్ చేతిలో పార వైపు చూశాడు. తరవాత గొడ్డలి కంచె అవతలికి విసిరేసి, గౌను తలమీంచి లాగి పారేసి బనీనుతో వంగి దిమ్మ కింద పెట్టాడు. "ఇంకా ఎన్నున్నాయి పిన్నీ?" అన్నాడు.

ఆ తరవాత ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వరసలో నిలబడి దిమ్మలు చేతులు మార్చుకున్నారు. ఓరిన్ పార పడుకోబెట్టి కొలిచి, దిమ్మ నంబరు చూసి పేరు చెప్పేవాడు. నేను ఏప్రాన్ జేబులో ఉన్న మేకప్ చిట్టా పుస్తకం తీసి, కనుబొమలు దిద్దే పెన్సిలుతో రాసుకున్నాను. మొదటి రెండూ ఎవరివో ఆయనకి తెలీదు, అవి ఆయన పార పట్టక ముందువి. అక్కణ్ణుంచి అన్నీ తెలుసు. వర్జిల్ అనేవాడు నోటితో బాకా ఊదేవాడట. కోరా బేకన్ అనే ఆవిడ ఏ తేదీ ఏ వారమో అడిగితే వందేళ్ళ వెనకదైనా చెప్పేదట. ఇంకో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, ఒకే వారంలో పోయారు. పక్కపక్కన పెడితే ఆఫీసువాళ్ళు తిడతారేమోనని భయపడుతూనే పెట్టాడట.

మార్లా కారు దిగి వచ్చి ఆ వరస చూసి నెత్తి పట్టుకుంది.

"నీకు బుద్ధుందా అమ్మా! ఇవాళా? ఈ రోజే దొరికిందా నీకు?"

"ఆయన రేపు పొద్దున్నే పోతున్నాడే."

"మరి మనం? మనమెక్కడికి పోవాలి?"

నేను ఇంకో దిమ్మ ఎత్తి బండిలో పెట్టాను. మార్లా ఏడుస్తూ అక్కడే నిలబడింది గానీ, ఎవరినీ ఆపలేదు.

రెండింటికి కర్ట్ జనరేటరుకి డీజిల్ పట్టుకుని వచ్చాడు. పార్కింగు నడుమ మూడు వరసల దిమ్మలు లేచి ఉన్నాయి. అందరం చేతులాపి అతని వైపు చూశాం. డబ్బా కింద పెట్టి, ఆ వరసల చివరి నుంచి చివరిదాకా చూశాడు. అతని ట్రక్కు ఎప్పుడూ నిలిపే చోట ఒక దిమ్మ ఉంది. దాని దగ్గరికి పోయి నంబరు చదివాడు.

"ఇదెవరు?" అని అడిగాడు.

"ఐరిస్," అన్నాడు ఓరిన్. "పదహారేళ్ళు."

కర్ట్ గేటు దగ్గరికి నడిచి, పార్కింగ్ అని బాణం గుర్తున్న బోర్డు పీకి భుజాన వేసుకుని లోపలికి పోయాడు. వచ్చేటప్పుడు తాడు చుట్ట తెచ్చి పొలం చుట్టూ కట్టడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం సగం కార్లని పోలీసులు రోడ్డు మీంచే వెనక్కి పంపేశారు.

చివరి వరస చివరికొచ్చాం. నాలుగొందల పన్నెండు దిమ్మని ఓరిన్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మోకాళ్ళ మీద కూచుని తనే దించాడు, చుట్టూ మట్టి తనే అదిమాడు. జేబులోంచి పొట్లం తీసి నాలుగు పిప్పరమెంట్లు దాని మీద పెట్టాడు.

"ఓపల్ మే టిల్లిస్," అన్నాడు. రాశాను.

ఇక నావల్ల కాలేదు. "ఓరిన్ గారూ, ఈ రాళ్ళు మా అల్లుడికి చూపించింది నేనేనండీ. కూరగాయల మళ్ళవనుకున్నాను."

"మళ్ళు రోడ్డు అవతల ఉండేవి," అన్నాడు. "మీరెవరూ ఎప్పుడూ ఇటు రాలేదుగా. ఎలా తెలుస్తుంది మీకు?"

దెప్పి పొడిచినట్టు కూడా లేదు. దారి తప్పినవాళ్ళకి దారి చెప్పినట్టు చెప్పాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. చేతులనిండా ఆ పాకం రక్తం, కళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు.

బండిలో ఇంకో దిమ్మ మిగిలింది. నాలుగొందల పదమూడు.

"ఇదెవరిదండీ?"

"నాదే," అన్నాడు.

బ్రేడీ నా మొహం చూశాడు.

"దిమ్మలు పోత పోసేదీ నేనేగా. ఓపల్‌ది పోసినప్పుడు సిమెంటు మిగిలింది. పక్కన చోటు ఖాళీగా ఉంది కదా అని పాతి పెట్టుకున్నా. తరవాత కొండే మూసేశారు." కర్ర ఆనుకుని మెల్లగా లేచాడు. "ఇప్పుడింక నన్నిక్కడికి ఎవరు తెస్తారులే, అంత దూరం నుంచి. అయినా పెట్టండి. చోటు నాదని ఉంటుంది."

బ్రేడీ పెట్టాడు. ఓరిన్ బూటు కాలితో మట్టి సర్ది, సరిగ్గా కూచుందో లేదో కదిపి చూసుకున్నాడు.

"రాసుకో మరి," అన్నాడు నాతో.

నాలుగొందల పదమూడు అని వేసి, ఎదురుగా ఓరిన్ అని రాసి ఆగిపోయాను. ఆరేళ్ళపాటు రోజూ ఆ చేతుల్లోంచి దుప్పట్ల బండి అందుకున్నాను.

"మీ ఇంటిపేరు ఏమిటండీ?"

"స్వార్ట్‌జెండ్రూబర్."

కూడబలుక్కుని, ఆయన్ని రెండుసార్లు చెప్పించుకుని, పేజీ ఈ కొస నుంచి ఆ కొసదాకా రాశాను.

"ఏదీ, చూపించు."

ఆయనకి అంకెలు వచ్చు గానీ అక్షరాలు రావు. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చినవాడికి కొండ మీద ఎవరు నేర్పారు గనక? ఎక్కడైనా సంతకం కావాలంటే కాగితం మీద గీత పెట్టించుకునేవారు. పుస్తకం చేతికిచ్చాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, మట్టి వేలితో మొదటి అక్షరం నుంచి ఒక్కొక్కటే తడుముకుంటూ చివరిదాకా పోయాడు. చివర వేలు ఆపి నా వైపు చూశాడు.

"ఇదంతా నేనేనా?" అన్నాడు.